పాత అతుకులు

గత నెల మా ఆవిడ మోకాలికి ఎక్స్‌రే తీయించాం. ఫిల్మ్ ఎప్పుడిస్తారని అడిగితే, ఇప్పుడు ఫిల్ములు ఇవ్వడం లేదనీ, ఫోనుకే వస్తుందనీ కౌంటర్లో అమ్మాయి చెప్పింది. మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే ఫిల్మ్.

తొంభైల చివర ఉక్కునగరం క్వార్టర్లో ఉండేవాళ్లం. ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. పైపుల వెల్డింగుకు ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్మును వెలుగుకు పెట్టి, అతుకులో పగులుందా, గాలిబుడగ ఉందా అని చూడటం నా పని. "ఇంట్లో అప్పడం కూడా ఎలుగులో ఎట్టి సూత్తావేటి బావా?" అని తోటి పనివాడు ఏడిపించేవాడు. ఒకటి రెండుసార్లు చూసిన మాట నిజమే.

మా ఆవిడకు ఎనిమిదో నెల నిండింది. మా అమ్మ వద్దంటున్నా స్కూటర్ మీద కూర్మన్నపాలెం తీసుకెళ్లాను. జంక్షన్ దగ్గర కంకరలో బండి జారి ఇద్దరం పడ్డాం. మూడో రోజున నొప్పులొచ్చాయి. బాబు పుట్టిన గంటకే పోయాడు. కాళ్లూ చేతులూ పొట్టిగా, వంకరగా ఉన్నాయి. ఎముకలు విరిగినట్టున్నాయని డాక్టరమ్మ చెప్పింది. మా అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మా ఆవిడ గోడవైపు తిరిగి, "నేనే వస్తానన్నాను" అని ఏడుస్తూనే ఉంది.

మళ్లీ బిడ్డను కనేముందు కారణం తెలుసుకోవడం మంచిదనీ, పోస్ట్‌మార్టం చేయిద్దామనీ డాక్టరమ్మ అంది. పురిటిగుడ్డు మీద కత్తి పడనివ్వనంది మా అమ్మ. పోనీ, కొయ్యకుండా ఎక్స్‌రే అయినా తీయనివ్వమంది డాక్టరమ్మ. సంతకం నేను పెట్టాను. నేనే చంపానని ఎవరో ఒకరు తేల్చి చెబితే చాలనిపించింది.

ఎక్స్‌రే తీసే పెద్దాయన సముద్రపొడ్డు పల్లెవాడు. బండి సంగతి ఆయనకు చెప్పుకున్నాను. గుడ్డ విప్పి బాబును పలక మీద పడుకోబెడితే, అలవాటు కొద్దీ నాతో "కదలకండా అట్టుకో బాబూ" అన్నాడు. అన్నాక కాసేపు మీట నొక్కలేకపోయాడు.

ఫిల్మ్ తడి ఆరకముందే వెలుగుకు పెట్టాడు. నేనూ చూశాను. కొత్తగా విరిగినచోట నల్లగీత ఉండాలి. వాడి పక్కటెముకల నిండా పూసల్లాంటి తెల్లటి ఉబ్బులు. అతుకులో లోహం ఎక్కువ పడినచోట మా ఫిల్ముల్లోనూ అలాగే తెల్లగా కనిపిస్తుంది.

"ఇయన్నీ పాతయి బాబూ. ఇరిగి, అతుక్కున్నాయి. నువ్వు బండి మీంచి పడింది మొన్నేగదా," అన్నాడు పెద్దాయన.

ఎముకలు పెళుసుగా తయారయ్యే జబ్బనీ, కడుపులో పడ్డప్పుడే వచ్చిందనీ, బండి మీంచి పడటానికీ దీనికీ సంబంధం లేదనీ డాక్టరమ్మ కూడా ఫిల్మ్ చూసి చెప్పింది. వార్డుకు దాదాపు పరుగెత్తాను. మా ఆవిడ అంతా విని, ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఒక్కొక్క ఉబ్బునీ వేలితో తాకుతూ పోయింది. ఇప్పుడైనా ఏడుపు ఆపుతుందనుకున్నాను.

"ఇన్నిసార్లు విరిగాయా?" అంది. "లోపల వాడికి నొప్పి తెలిసేదంటారా?"

ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇరవై ఏళ్లు దాటింది. కాలం గడిస్తే అన్నీ తెలుస్తాయనుకున్నాను; వాడికి నొప్పి తెలిసేదో లేదో మాత్రం ఇంతవరకూ తెలియలేదు.