కరుణమ్మ గారింటి ఫ్యాన్ మోటార్

అది 1994 వేసవి. యూసుఫ్‌గూడ మెయిన్ రోడ్డు మీద సలీం భాయ్ నడిపే ఏసీ రిపేరు షాపులో నేను మెకానిక్‌ని. రహమత్ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. సినిమా వాళ్లు ఒక్కొక్కరే మద్రాసు నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో, ఫిలింనగర్‌లో స్థిరపడుతున్న రోజులవి. గుట్టల మీద కొత్త ఇల్లు లేచిందంటే దాని గోడలో ఒక విండో ఏసీ ఉండేది. ఏప్రిల్ దాటితే మాకు అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు. టూల్స్ సంచి సైకిల్‌కి తగిలించుకుని ఆ ఎత్తులన్నీ తొక్కలేక, సగం దూరం తోసుకుంటూ వెళ్లేవాణ్ణి.

విండో ఏసీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. చల్లదనం పుట్టించేది కంప్రెసర్. ఆ చల్లదనాన్ని గదిలోకి తెచ్చేది మాత్రం ఫ్యాన్ మోటార్. ఒకే మోటారుకు రెండు పక్కలా ఇరుసు ఉంటుంది. దాన్ని మేం షాఫ్ట్ అంటాం. గది వైపు షాఫ్ట్‌కి బ్లోవర్ అనే చక్రం, వీధి వైపు షాఫ్ట్‌కి ఫ్యాన్ రెక్కలు బిగించి ఉంటాయి. లోపలికి చల్లగాలి, బయటికి వేడిగాలి, రెండూ ఆ ఒక్క మోటారే తోస్తుంది. అది పోతే ఏసీ ఉన్నా లేనట్టే. అప్పట్లో కొత్త మోటార్ పదిహేడు వందలు, బిగింపు కూలి రెండు వందలు. నా నెల జీతం పద్నాలుగు వందలు.

ఒక సోమవారం ఫిలింనగర్ నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే పెద్ద బంగళా ఏమీ కాదు, దాని వెనక కిరాయికి ఇచ్చిన రెండు గదుల వాటా. కరుణమ్మ గారని యాభై ఏళ్ల ఆవిడ తలుపు తీశారు. నరసాపురం వాళ్లు. సినిమాలకు దుస్తులు కుట్టే పని ఆవిడది. గదినిండా ఆకుపచ్చ పట్టు పరికిణీలు. ఒక పాటలో ఆడే ఎనిమిది మంది అమ్మాయిలకు శుక్రవారంలోగా అందించాలట. పక్కనే ఒక తువ్వాలు. నాలుగు కుట్లు వేయడం, చేతులు తుడుచుకోవడం, మళ్లీ నాలుగు కుట్లు.

"చెమట చేత్తో పట్టు ముట్టుకుంటే మరక పడిపోతుంది బాబూ. జరీ పని ఫ్యాన్ కింద చేద్దామంటే దారాలు ఎగిరిపోతాయి. అందుకే అప్పు చేసి మరీ ఈ ఏసీ కొన్నాం. మూడు రోజుల నుంచి గాలి సరిగ్గా రావడం లేదు, పైగా ఒకటే చప్పుడు" అన్నారావిడ.

స్విచ్ వేశాను. టకటకమంటూ చప్పుడు, నీరసంగా గాలి. అంతకుముందు వారంలోనే నాలుగు మోటార్లు మార్చి ఉన్నాను. చెవికి ఆ చప్పుడు పడగానే తీర్పు చెప్పేశాను.

"మోటార్ లోపల షాఫ్ట్ తిరిగే బుష్ అరిగిపోయిందమ్మా. మోటారే మార్చాలె. అన్నీ కలిపి పందొమ్మిది వందలైతది."

ఆవిడ సూది పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఈ ఎనిమిది పరికిణీలకూ కలిపి నాకొచ్చేదే అంత" అన్నారు మెల్లగా. కాసేపు పట్టువంక చూసుకుని, "సరే, మార్చెయ్. మాట పోగొట్టుకోలేను కదా" అన్నారు.

మర్నాడు కొత్త మోటార్ తెచ్చి బిగించాను. గాలి జోరుగా వచ్చింది, చప్పుడు తగ్గింది. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. డబ్బు తీసుకుని, పాత మోటార్ సంచిలో వేసుకుని హాయిగా వచ్చేశాను.

గురువారం పొద్దున మళ్లీ ఫోన్. ఈసారి ఆవిడ భర్త శామ్యూల్ గారు ఇంట్లో ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, నిదానంగా మాట్లాడే మనిషి. సినిమాలకు ఎఫెక్ట్స్ చేస్తారు. అంటే తెర మీద బొమ్మ కదులుతుంటే, దానికి తగ్గట్టు చెప్పుల చప్పుడు, గాజుల చప్పుడు, గుర్రం డెక్కల చప్పుడు మైకు ముందు పుట్టించే పని. నేను ముందు వచ్చిన రెండు రోజులూ ఆయన రికార్డింగ్‌లో ఉండి ఇల్లు చేరలేదట.

"చప్పుడు మళ్లీ మొదలైంది బాబూ" అన్నారు.

"కొత్త మోటార్ కదా సార్, రెండు దినాలు గట్లనే ఉంటది. తర్వాత సెట్ అయితది."

ఆయన నవ్వి, కళ్లు మూసుకుని, నోటితో రెండు చప్పుళ్లు చేశారు. మొదటిది సన్నగా, ఒకే తీరుగా సాగే గుయ్‌మనే మోత. రెండోది దాని మీద అడపాదడపా పడే టక్, టక్. "మొదటిది మోటార్‌ది. అది పాతదానికీ ఇలాగే ఉండేది, కొత్తదానికీ ఇలాగే ఉంది. ఈ టక్‌మనేది వేరే. ఏదో వదులైనది వెళ్లి దేన్నో కొడుతోంది. కావాలంటే విను."

బల్ల మీది టేప్ రికార్డర్ నొక్కారు. పోయిన ఆదివారం, అంటే నేను మోటార్ మార్చకముందు, ఆ చప్పుడు బాగుందని రికార్డు చేసుకున్నారట. టేపులో టక్, టక్. గోడలో టక్, టక్. రెండూ ఒకటే. ఏసీ చల్లగానే ఉంది గానీ నా వీపంతా తడిసిపోయింది.

ఏసీని బయటికి లాగి, ముందు ప్లేటు విప్పి, బ్లోవర్ చక్రం పట్టుకుని ఊపాను. చక్రం ఊగింది, షాఫ్ట్ ఊగలేదు. చక్రం మధ్యలో, షాఫ్ట్ దూరే చోట ఒక రబ్బరు ముక్క ఉంటుంది. అది నిలువునా చీలిపోయి ఉంది. పట్టు తప్పిన చక్రం ఓ పక్కకు ఒరిగి చుట్టూ ఉన్న డొప్పను కొడుతోంది. పట్టు జారినప్పుడల్లా గాలి తగ్గుతోంది. నేను మోటార్ మార్చినప్పుడు చక్రం స్క్రూ గట్టిగా బిగించడంతో రెండు రోజులు ఓర్చుకుంది, అంతే. ఆ రబ్బరు ధర నలభై రూపాయలు.

"ఇది కూడా మోటార్ వల్లే పాడైందా బాబూ?" అని కరుణమ్మ గారు అడిగారు.

అవునంటే సరిపోయేది. ఆవిడే దారి చూపించారు, నేను నడవడమే తరువాయి. కానీ ఆవిడ ఒళ్లో ఎనిమిదో పరికిణీ ఉంది. ఆ ఎనిమిదింటి కూలీ మొత్తం నేను మోసుకుపోయాను.

"లేదమ్మా. మోటార్ మంచిగనే ఉండె. నేను చూడకుండనే చెప్పిన. తప్పు నాది."

ఆవిడ సూదిని బట్టకు గుచ్చి పెట్టి, "అంటే పందొమ్మిది వందలూ ఊరికే పోయాయా?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. ఏసీని మళ్లీ గోడలో బిగించి, మా ఓనర్‌తో మాట్లాడి సాయంత్రానికల్లా వస్తానని చెప్పి బయటపడ్డాను.

సలీం భాయ్ అంతా విని మొదట పాత మోటార్‌ని బల్ల మీద పెట్టమన్నాడు. అరగంట నడిపించాం. దాని మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయన షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. ఇసుమంత కూడా కదల్లేదు.

"నాలుగేండ్ల సంది పని జేస్తున్నవ్ మల్లేశం. గిట్ల పట్టుకొని ఊపి చూడనీకి ఎంత సేపు పడ్తది?"

"ఒక్క నిమిషం భాయ్."

"ఆ ఒక్క నిమిషానికి కిరాయి రెండు వందలు. నీ జీతంల కట్." కొంచెం సేపు గడ్డం నిమురుకుని, "కొత్తది విప్పుకొని రా. రెండు దినాలు నడిచిందని చెప్పి, రెండు వందలు తక్కువకు ఎవరికన్నా ఇస్త. ఆమె పైసలు ఆమెకు వాపస్ ఇయ్యి. కూలి గూడ తీసుకోకు. జర మంచిగ మాట్లాడు" అన్నాడు.

సాయంత్రం డబ్బు, పాత మోటార్, కొత్త రబ్బరు పట్టుకుని వెళ్లాను. కరుణమ్మ గారి మొహం విప్పారింది. వెంటనే పని మొదలుపెట్టబోతే శామ్యూల్ గారు అడ్డం వచ్చారు.

"పది నిమిషాలు ఆగు బాబూ. ఆ రబ్బరు మారిస్తే ఈ చప్పుడు మళ్లీ దొరకదు. వచ్చే నెల ఒక పిక్చర్‌లో గోదావరి మీద లాంచీ వెళ్తుంది. దాని ఇంజనుకి ఇది భలే కుదురుతుంది."

"ఏవండీ, రేపొద్దున్నే కారు వచ్చి బట్టలు పట్టుకెళ్తుంది. ఇంకా నాలుగు పరికిణీలకు అంచు కుట్టాలి. మీ లాంచీ తర్వాత" అన్నారావిడ.

"పది నిమిషాలే కరుణా."

ఆయన మైకు పట్టుకుని ఏసీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. దగ్గకూడదని నన్ను గోడ పక్కన నిలబెట్టారు. ఆవిడ మూతి బిగించి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నారు. చీలిన రబ్బరు తన ఆఖరి పది నిమిషాలూ టక్, టక్‌మని కొట్టుకుంది. ఆయన "చాలు" అనేసరికి మేం ముగ్గురం నవ్వేశాం. కొత్త మోటార్ విప్పి, పాతదాన్ని కొత్త రబ్బరుతో బిగించాక టక్‌మనే చప్పుడు పోయింది. అది సినిమాలో పడిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. పరికిణీలు మాత్రం శుక్రవారం పొద్దున్నే వెళ్లాయి, ఒక్క మరక లేకుండా.

ఇరవై రోజుల తర్వాత కరుణమ్మ గారు నా పేరు చెప్పి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంటికి పంపారు. అక్కడా గాలి రావడం లేదనే ఫిర్యాదే. ఈసారి నేను నోరు మెదపలేదు. బ్లోవర్ ఊపి చూశాను, రబ్బరు బాగుంది. మోటార్‌కి మొదట్లో ఊపునిచ్చే కెపాసిటర్ మార్చి చూశాను, తిరగలేదు. మోటార్ విప్పి, కమిలిన రాగి చుట్టను ఆ పెద్దమనిషి చేతికే ఇచ్చాను. ఆయన వాసన చూసి మొహం చిట్లించుకున్నారు.

"ఎంతవుతుంది?"

"పందొమ్మిది వందలు సార్."

"మార్చెయ్" అన్నారు. బేరమాడలేదు. ఆ అంకె పలికేటప్పుడు నా గొంతు కూడా తడబడలేదు.

ఆ తర్వాత సొంత షాపు పెట్టుకున్నాను. వందల మోటార్లు మార్చాను, మార్చకుండా వదిలేసినవీ చాలానే ఉన్నాయి. ఇల్లాలు చప్పుడు గురించి చెబుతుంటే మధ్యలో అడ్డుపడను. ఆ చప్పుడుతో పగలూ రాత్రీ బతికేది ఆవిడ, నేను వినేది అయిదు నిమిషాలు. మోటార్ ధర ఎంతో మొదటి నెలలోనే నేర్చుకున్నాను. ఎందుకంత అవుతుందో చూపించి, ఆ తర్వాతే ధర చెప్పడం కరుణమ్మ గారింట్లో నేర్చుకున్నాను. రెండు వందల ఫీజుకు అంతకన్నా మంచి చదువు ఏ ఐటీఐలోనూ దొరకదు.