ఇరవయ్యో ఇల్లు

మా సంఘ పెద్ద చచ్చిపోతే ఆయన్ని సమాధుల తోట గోడ బయటే పూడ్చాలని రెండేళ్లు కోరుకున్నాను. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు. ఆరాధనలో మోకరించి కళ్లు మూసుకున్నప్పుడు కూడా అదే కోరుకున్నాను.

బళ్ళారిలో మాది మిషన్ కాలం నాటి తెలుగు సంఘం. మొత్తం ముప్పై ఒక్క ఇళ్లు. మోక నుంచి, రూపనగుడి నుంచి కొందరు ఆదివారం పొద్దున బస్సెక్కి వస్తారు. తోటలో ఎవరిని ఎక్కడ పూడ్చిందీ, ఎవరికి ఏ చోటు ఉంచిందీ రాసిన పుస్తకం ఒక్కటే. అది సంఘ పెద్ద బీరువాలో ఉండేది, అంతకుముందు ఆయన తండ్రి బీరువాలో. నాన్న పోయినప్పుడు ఆయన పక్క చోటు అమ్మ పేరున రాయించాం. కొన్నేళ్లకు సంఘ పెద్ద వాళ్లన్న చనిపోతే, తెచ్చి మా నాన్న పక్కన దించారు. నాకు తెలిసి పరుగెత్తేసరికి మట్టి పోసేశారు. పుస్తకం తీయమన్నాను. అమ్మ పేరున్న చోట తెల్ల ఇంకు పూసి, దాని మీద వాళ్లన్న పేరు రాసి ఉంది.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"బుక్కులో ఏముండాదో అదేనమ్మా. మీయమ్మకు గోడ పక్కన చోటు ఉండాదిలే. సుమ్నె, ఊరికే గలాటా చేయొద్దు" అన్నాడు, పుస్తకం మూసేస్తూ.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ చేట ముందుకు లాక్కుంది. తర్వాత "పోనీలే. మట్టిలో పండుకున్నంక పక్కన ఎవరుంటే ఏంది" అని బియ్యం ఏరుకోసాగింది. ఆ మాట అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా ఒళ్లు భగ్గుమంది. ఈయన అంతు చూడకపోతే నేను మా నాన్న కూతుర్నే కాదనుకున్నాను.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. అంతకుముందు బిట్‌కాయిన్ కొని చేతులు కాల్చుకున్న మహా తెలివైనదాన్ని కూడా. డబ్బు గంగలో కలిసింది గానీ ఒక సంగతి బుర్రలో మిగిలింది. ఆ నాణేల పుస్తకం ఏ ఒక్కరి బీరువాలోనూ ఉండదు. అందరి దగ్గరా ఒక్కో కాపీ ఉంటుంది. ఎవడైనా తన కాపీలో దొంగతనంగా దిద్దితే మిగతా కాపీలు దాన్ని ఒప్పుకోవు. మా తోట పుస్తకానికి కావలసిందీ ఇదే కదా అనిపించింది.

వేసవి సెలవులన్నీ దానికే పెట్టాను. ఉచితంగా దొరికే ప్రోగ్రాములు దించుకుని, అతుకులు వేసి, ముప్పై ఒక్క ఫోన్లలో నడిచేట్టు చేశాను. ఇంటికొక రహస్య సంఖ్య. పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా ఇరవై ఇళ్లు ఒప్పుకోవాలి. ఎవరు ఒప్పుకున్నారో, ఏ రోజు ఒప్పుకున్నారో అందులో పడుతుంది. పడింది ఇక చెరగదు. వారంలో పడినవన్నీ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పైకి చదవాలి. ఈ నియమాలన్నీ నేను పెట్టినవే. ఒక్కరి పెత్తనం పోవాలి, బీదింటికీ పెద్దింటికీ ఒకే మాట చెల్లాలి అని సంఘం ముందు ఉపన్యాసం దంచాను. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ మాట్లాడుతున్నంతసేపూ నేను చూస్తున్నది మొదటి బెంచీలో ఉన్న ఆయన మొహాన్నే.

"ఏం తల్లీ, సమాధులకు గూడా రీఛార్జ్ చేయించల్లనా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల పళ్లు నూరుకుంటూ.

పాత పుస్తకాన్ని నమ్మలేం కాబట్టి పేర్లన్నీ మళ్లీ పోగుచేయాల్సి వచ్చింది. మావాళ్లు పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ఇంటి బైబిల్లో మొదటి కాగితాల మీద రాసుకుంటారు. ఇంట్లోవాళ్లవే కాదు, కావలసినవాళ్లవి కూడా. ఇంటింటి బైబిలూ తెమ్మన్నాం. అమ్మ స్నేహితురాలు ఒక అవ్వ ఉంది, తారానగర్ పుట్టినూరు. ఆమె భర్త బతికున్నప్పుడు తోటలో గుంతలు తవ్వించే పని చూసేవాడు. ఆమె బైబిల్లో మా నాన్న పోయిన తేదీ కింద భర్త చేతిరాత: మూడో వరస, నాలుగో చోటు, అయిదోది భార్యకు ఉంచినాము.

అవ్వ కర్ర పట్టుకుని సభలో లేచి నిలబడింది. "మా ఇంటాయన బైబిల్లో అబద్ధం రాసేటోడు కాదు" అంది.

ఆ పేజీ ఫోటో ముప్పై ఒక్క ఫోన్లలోకీ ఎక్కింది. సంఘ పెద్ద మొహం మాడిపోయింది. దాన్ని కళ్లారా చూశాను. వారం రోజులు నాకు అన్నం రుచిగా ఉంది.

అయితే పూడ్చినవాణ్ని తవ్వి తీయమనడానికి ఎంత కసి ఉన్నా నోరు రాదు. అమ్మ ఈ వానల్లో పోయింది. గోడ పక్కనే పూడ్చాం. గోడ అవతల రోడ్డు, ఖనిజం లారీలు పోతుంటే ఎర్ర దుమ్ము అంతా ఇటే పడుతుంది. అక్కడ నిలబడి చూస్తే నాన్న సమాధి కనబడదు. మట్టి వేసి చేతులు దులుపుకుంటుంటే సంఘ పెద్ద నా దగ్గరికొచ్చాడు.

"చూసినావా, చోటు బాగనే ఉండాది" అన్నాడు.

ఓదార్పుకే అన్నాడేమో. నాకు మాత్రం ఆయన నోట్లో ఆ మట్టే కొట్టాలనిపించింది. మూడు వారాలు తిరక్కుండానే ఫోన్లో ప్రతిపాదన పెట్టాను: సంఘం పుస్తకాన్ని దిద్దినందుకు ఆయన పేరూ, అన్న పక్కన ఉంచుకున్న చోటూ తోట పుస్తకంలోంచి తీసివేయాలి. గడువు శనివారం సాయంత్రం దాకా.

ఇల్లిల్లూ తిరిగాను. టీలు తాగాను. మోక బస్సులో నిలబడి పోయాను. "ఆయప్పకు డెబ్బై దాటె. ఇంగ యాల నీకు ఈ పగ?" అని కొందరు తలుపు దగ్గరే పంపేశారు. చాలామంది ఒప్పుకున్నారు. అవ్వ అందరికన్నా ముందు ఒప్పుకుంది. శనివారం మధ్యాహ్నానికి పంతొమ్మిది. అక్కడ ఆగిపోయింది.

అమ్మ నా దగ్గరే ఉన్నా, ఫోన్లలోని పుస్తకంలో నాన్న ఇంటి లెక్కన ఆమెది వేరే ఇల్లు. మనిషి పోతే, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే, ఆ ఇంటి సంఖ్య మూసేయాలి. అదీ నా నియమమే. అమ్మ చావు నమోదు చేశాను గానీ, ఇల్లు మూయడానికి వేలు ఆడలేదు. రేపు, ఎల్లుండి అంటూ వచ్చాను. అది దుఃఖం వల్లే, కుట్ర కాదు. శనివారం మధ్యాహ్నం చేసింది మాత్రం కుట్రే. అమ్మ ఫోను బీరువాలోంచి తీసి ఛార్జింగు పెట్టాను. ఆమె సంఖ్య నాకు తెలుసు, నేర్పిందే నేను. అన్యాయం జరిగింది అమ్మకు, తీర్పూ అమ్మే చెప్పనీ అనుకుని నొక్కాను. ఇరవై. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి పకపకా నవ్వాను. ఎవరెవరు ఒప్పుకున్నారో పైకి చదువుతారన్నది అప్పుడు తట్టనే లేదు.

ఆదివారం పాస్టరుగారు చదివారు. ముందు సంఘ పెద్ద పేరు, తర్వాత ఒప్పుకున్న ఇళ్లు ఒక్కొక్కటే. ఇరవయ్యో పేరు దగ్గర ఆగారు. కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, అమ్మ పేరు చదివారు. శనివారం తేదీ కూడా చదివారు. సంఘ పెద్ద తల వంచుకునే ఉన్నాడు. అవ్వ లేచి, కర్ర పొడుచుకుంటూ నా బెంచీ దగ్గరికి వచ్చింది.

"మీయమ్మను పూడ్చి ఇంగా నెల గూడా కాలే. యాడ నుంచి ఒత్తిందే?"

"నేనే ఒత్తినా అవ్వా."

"అయితే తీసెయ్యి."

"తీసేకి కాదవ్వా, పడింది చెరగదు."

అవ్వ నా భుజం పట్టుకుని, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మా ఇంటాయన రాసింది నా మనవళ్లు చదివినారు. రేపు ఇదీ చదువుతారు. సచ్చినంక దొంగ ఓటు ఏసిండాదని చదువుతారు. ఆడ నీ పేరు ఉండదే. మీయమ్మ పేరే ఉంటాది."