మంచం మీద పరిచిన మాస్టర్ ప్లాన్

1998 ఏప్రిల్‌లో, వేసవి మరమ్మతులకని కాలువలు కట్టేసిన వారంలోనే, నన్ను రామచంద్రపురం వైపు ఒక చిన్న మునిసిపాలిటీకి టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. అక్కడి వాళ్ళు ఇప్పటికీ నాకు శుభలేఖలు పంపుతుంటారు, ఈ వయసులో వాళ్ళతో మాట పడటం నాకిష్టం లేదు. చేరిన రోజే కమిషనర్ గారు అప్పగించిన పని మాస్టర్ ప్లాన్ సవరణ. రాబోయే కాలంలో ఎక్కడ ఇళ్ళు కట్టుకోవచ్చు, ఎక్కడ రోడ్లు వస్తాయి, ఎక్కడ చేలు చేలుగానే ఉండాలి అన్నది రంగులు వేసి చూపించే పటం అది. పట్టణం పెరిగేది పక్క పంచాయతీ వైపే కాబట్టి ఆ పంచాయతీ భూములు కూడా అందులో చేర్చాలి. భూమి వాళ్ళది, పటం మాది, అవతల పారే మురుగు కాలువ డ్రైనేజీ శాఖది. డెల్టా సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: పంటకాలువ చేలకి నీళ్ళు తెస్తుంది, మురుగు కాలువ చేలలో మిగిలిన నీటిని, వాన నీటిని సముద్రం వైపు తీసుకుపోతుంది.

నేను సీట్లో సరిగ్గా కుదురుకోకముందే దేవకరుణ గారు వచ్చారు. లూథరన్ మిషన్ బడిలో పనిచేసి రిటైరైన టీచరు. పట్టణానికీ పంచాయతీకీ సరిహద్దులో, అన్నిటికంటే పల్లంలో ఉన్న కాలనీలో ఆవిడ ఇల్లు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా వ్యవసాయ కూలీలు. ఎంత వాన పడినా నీళ్ళు వెనక చేల మీదుగా మురుగు కాలువలోకి దిగిపోయేవి. ఇప్పుడా చేలను మెరక చేసి ఇళ్ళ స్థలాల లేఔటు వేయడానికి పంచాయతీ సిద్ధంగా ఉంది. ఇవతలి వైపు మా మునిసిపాలిటీ కొత్త రోడ్డును ఎత్తుగా పోయబోతోంది.

“రెండు పక్కలా గట్లు పోసి మధ్యలో మమ్మల్ని చేపల్లా పెంచుతారా ఏంటండీ?” అని అడిగారావిడ.

నాకు నవ్వు రాలేదు. నవంబరు వానల్లోపు ఈ వ్యవహారం తేలకపోతే ఆ ఇళ్ళు కాపురానికి పనికిరావని నాకు తెలుస్తూనే ఉంది.

మూడు ఆఫీసులూ తిరిగాను. మూడు చోట్లా పటాలు ముచ్చటగా ఉన్నాయి, వాళ్ళ వాళ్ళ హద్దుల దాకా. హద్దు దాటితే తెల్ల కాగితం. మా శాఖల అలవాటే అంత. పక్కవాడి భూమిని గీస్తే పక్కవాడి పని కూడా నెత్తిన పడుతుందని భయం. మా పటంలో వీధి కాలవలు ఊరి పొలిమేర దగ్గర ఆగిపోయాయి. డ్రైనేజీ వాళ్ళ పటంలో మురుగు కాలువ అవతల ఎక్కడో తూము దగ్గర మొదలైంది. ఈ రెంటినీ కలిపే చిన్న పాయ, కాలనీ వెనక తుంగ మొలిచి కళ్ళకు కనబడుతూనే ఉన్నా, ఎవరి పటంలోనూ లేదు. పంచాయతీ లేఔటు సరిగ్గా దాని మీదే పడింది.

అందరినీ ఒకచోట కూర్చోబెడితే గంటలో తేలిపోతుందనుకున్నాను. మా కౌన్సిల్ హాల్లో సమావేశం పెట్టాం. అక్కడ ఎత్తు వేదిక మీద కూర్చునే హక్కు చైర్‌పర్సన్‌కీ కమిషనర్‌కీ మాత్రమే ఉంది. మా మేనేజరు ఆ పద్ధతి తప్పకుండా సర్పంచి గారికి కింద, కౌన్సిలర్ల వరసలో కుర్చీ వేయించాడు. సర్పంచి గారు ఆ కుర్చీ వైపు చూసి కూర్చోలేదు. “మా భూములు కావాలి, మా సంతకం కావాలి, నాకు కుర్చీ మాత్రం కిందేస్తారా అండీ? వస్తాను” అని చక్కా వెళ్ళిపోయారు.

సరే కదా అని రెండోసారి పంచాయతీ ఆఫీసులో పెట్టాం. ఈసారి మా చైర్‌పర్సన్ గారు రాలేదు. మహిళా రిజర్వేషన్లో గెలిచిన మనిషి, మాట సూటిగా ఉంటుంది. “నేను వాళ్ళ గడప తొక్కితే మా కౌన్సిలర్లు నన్ను బతకనిస్తారా, మీరే చెప్పండి” అన్నారు. డ్రైనేజీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు సర్పంచి ఎదుట హాజరవడం తన హోదాకు తక్కువనుకున్నారో ఏమో, తన కింద పనిచేసే అసిస్టెంటును పంపారు. ఆయనకి టీ తాగే అధికారమే తప్ప సంతకం పెట్టే అధికారం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మే నెల వచ్చేసింది. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలితే ఇక మట్టి పని సాగదు.

దేవకరుణ గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఫక్కున నవ్వారు.

“కూర్చోడానికే కదండీ మీ గొడవంతా! నిలబెట్టండి. బళ్ళో నేనదే చేసేదాన్ని.”

ఆ మాటతో నాకు దారి దొరికింది. మా నిబంధనల్లో స్థల తనిఖీ అని ఒకటుంది. సమావేశానికి వేదిక, అధ్యక్షత, ఆహ్వానం అన్నీ కావాలి. తనిఖీకి సంబంధించిన వాళ్ళు స్థలం దగ్గరకు వస్తే చాలు. అక్కడ ఎవరూ అతిథి కారు, ఎవరూ అధ్యక్షులు కారు. చైర్‌పర్సన్, సర్పంచి, ఇంజినీరు ముగ్గురికీ విడివిడిగా తనిఖీ నోటీసు పంపాను. ముగ్గురూ వచ్చారు.

కాలనీ వెనక గట్టు మీద మూడు పటాలనూ అంచులు కలిపి టేపుతో అతికించాను. గాలికి ఒకటే రెపరెపలు. దేవకరుణ గారు వాళ్ళింట్లోంచి నులక మంచం తెప్పించి వేయించారు. దాని మీద పటం పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, చుట్టూ నిలబడ్డాం. అప్పుడు బయటపడింది అసలు విడ్డూరం. మా కొత్త రోడ్డు వచ్చి ఒక కొబ్బరి తోట దగ్గర ఆగింది. పంచాయతీ లేఔటు రోడ్డు ఆ తోట రెండో వైపున మొదలైంది.

“మన లారీలు కొబ్బరిచెట్లెక్కి వాళ్ళ రోడ్డులోకి దిగాలా ఏంటండీ?” అన్నారు చైర్‌పర్సన్ గారు. సర్పంచి గారే అందరికంటే ముందు నవ్వారు.

పాయ దగ్గరకొచ్చేసరికి నవ్వులు ఆగాయి. ఇది మాది కాదండీ అన్నారు ఇంజినీరు గారు. మాదీ కాదన్నారు సర్పంచి గారు. మా పరిధిలోకి రాదన్నారు చైర్‌పర్సన్ గారు.

“అయితే నాదే,” అన్నారు దేవకరుణ గారు. “నవంబర్లో నా వంటింట్లోకొచ్చేది అదే కదండీ.”

సర్పంచి గారు చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. “టీచర్ గారూ, మీరలా అనకండి” అంటూ తల దించుకున్నారు. ఆ తర్వాత పని చకచకా జరిగింది. లేఔటులో చట్ట ప్రకారం ఎలాగూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని పాయకు రెండు వైపులా వదిలిస్తానన్నారు సర్పంచి గారు. రోడ్డును తోట పక్కకు జరిపి, దాని కింద తూములు పెట్టిస్తామని మా చైర్‌పర్సన్ గారు ఒప్పుకున్నారు. అలా స్థలం ఇస్తే పాయను తవ్వించి, ఏటా పూడిక తీసే బాధ్యత తమ శాఖే తీసుకుంటుందని ఇంజినీరు గారు చెప్పారు. ఎవరు ఎటు నిలబడ్డారో అటే పటం అంచున సంతకం పెట్టారు. తర్వాత కౌన్సిల్లోనూ పంచాయతీలోనూ తీర్మానాలు చేయించి పటాన్ని పై ఆఫీసుకు పంపితే, సంతకాలు హోదా క్రమంలో లేవేమని అక్కడినుంచి ప్రశ్న వచ్చింది. నిలబడిన క్రమంలో ఉన్నాయని జవాబు రాశాను. ఆ విషయం మళ్ళీ ఎవరూ అడగలేదు.

కాలువలకు నీళ్ళు వదిలేలోపే పాయ తవ్వకం పూర్తయింది. నవంబరులో వాయుగుండం పట్టి వాన ఎడతెరిపి లేకుండా కొట్టింది. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. వాన వెలవగానే గొడుగు పట్టుకుని కాలనీకి వెళ్ళాను. వీధిలో బురద ఉంది గానీ నీళ్ళు లేవు. దేవకరుణ గారి వంటింట్లో పొయ్యి వెలుగుతోంది.

“నీళ్ళు చూడ్డానికొచ్చారా? దిగిపోయాయండీ. కాఫీ ఉంది, తాగి వెళ్ళండి.”

నా సర్వీసు మొత్తంలో అంత తృప్తిగా కాఫీ తాగిన రోజు ఇంకొకటి లేదు. రెండు సంస్థలు కలిసి రాకపోతే కారణం భూమి తగాదాయే అనుకునేవాణ్ణి. చాలాసార్లు కారణం కుర్చీయేనని ఆ ఊళ్ళో తెలిసింది. రిటైరయ్యేదాకా, ఇలాంటి విషయం ఏది వచ్చినా ముందు అందరినీ ఆ నేల మీదే నిలబెట్టి మాట్లాడించాను. ఎజెండా ఆ తర్వాతే టైపు చేయించాను.