బాబాయి జప్తు చేసిన కంట్రోలర్

మా బాబాయి దేన్నీ నమ్మడు. ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, దుకాణాల్లో కాటాలన్నిటినీ అనుమానించి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లో మూడు గోడగడియారాలుంటాయి, ఒకదాని మీద ఒకటి నిఘా. లిఫ్టెక్కితే అంతస్తులు తనే లెక్కపెట్టుకుంటాడు. నేను పుట్టినప్పుడు అందరూ ఎవరి పోలికో చూస్తుంటే, ఈయన నన్ను తూచిన కాటాకి చివరిసారి ముద్ర ఎప్పుడు వేశారని నర్సుని అడిగాడట. నా ప్రతి పుట్టినరోజుకీ పిన్ని ఈ మాట చెబుతుంది.

పిన్ని దర్జీ. మొన్న వానల్లో మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఫిజియోథెరపిస్టు ఒక కాగితం ఇచ్చాడు: చెయ్యి ఇటు పదిసార్లు, అటు పదిసార్లు, పైకి పదిసార్లు, కిందికి పదిసార్లు. మూడు నెలల్లో మణికట్టు తిరక్కపోతే ఇక తిరగదని కూడా చెప్పాడు. తిరగని చేత్తో కత్తెర పట్టలేం. పిన్ని రెండు రోజులు చేసి మానేసింది.

"నొప్పికి నొప్పి. పైగా గాల్లో చెయ్యి తిప్పుతూ కూర్చుంటే పిచ్చిదాన్లా ఉంది," అని కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది.

"నువ్వైనా చెప్పు బాబాయ్," అన్నాను.

"పదిసార్లే ఎందుకు? తొమ్మిది ఎందుకు కాదు? నాకు ఆ కాగితం మీదే అనుమానంగా ఉంది," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చేసరికి నేను రోబోలను కాల్చే ఆటలో ఉన్నాను. నా కంట్రోలర్ రెండు ముక్కలుగా ఊడుతుంది, చేతికొకటి. కుడిచేతి ముక్కని ఎటు వంచితే తెరమీద గురి అటు జరుగుతుంది. బాబాయి చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి చూశాడు.

"నువ్వు చెయ్యి కదిపితే అది కదుల్తోందా? దానికెవరు చెప్పారు?"

"లోపల సెన్సర్ ఉంటుంది బాబాయ్."

"నువ్వు చూశావా?"

"లేదు."

"చూడకుండానే నమ్మేశావన్నమాట."

చూపించాను. పెద్ద మలుపులకి బొటనవేలి కింద జాయ్‌స్టిక్ పుల్ల, చివర్లో కాస్త గురి సర్దడానికి మణికట్టు. భుజం బిగించకూడదు. ఆయన సాంతం విని మొదటి గుండు ఇంటికప్పుకి, రెండోది ఆకాశానికి, మూడోది సొంత జట్టువాడికి కొట్టాడు.

"చూశావా, నన్ను కేసులో ఇరికిస్తోంది."

"ముందు దాన్ని చదునైన చోట కదలకుండా పెట్టాలి బాబాయ్. సున్నా సరిచూసుకుంటుంది."

సున్నా అనగానే ఆయన ముఖం వెలిగింది. జేబులోంచి చదును చూసే రసమట్టం తీసి మా ఇంట్లో బల్లలన్నీ పరీక్షించి, అన్నిటికంటే చదునుగా ఉందని నడుస్తున్న వాషింగ్ మిషన్ మీద పెట్టాడు. ఆ ఊపులో ఏది సున్నాయో దానికే అర్థం కాలేదు. తర్వాత ఎవరూ ముట్టుకోకపోయినా గురి నిద్రలో నడిచేవాడిలా ఎడమపక్కకి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

"దీన్ని క్షుణ్ణంగా తనిఖీ చెయ్యాలి," అని బాబాయి ఆటపెట్టెతో సహా జప్తు చేశాడు. రసీదు రాసిచ్చాడు.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్తే, సోఫాలో పిన్ని కంట్రోలర్ పట్టుకుని కూర్చుంది. పక్కన బాబాయి, నోటుబుక్కుతో.

"ఒక్కడు పరీక్షిస్తే చెల్లదట. నేను సాక్షిని," అని పిన్ని విసుక్కుంది.

"పుల్ల ముట్టుకోకు, అది అబద్ధాలు చెబుతుంది. మణికట్టే. కొట్టు. ఎక్కడ తగిలింది?"

"గోడకి."

"నువ్వు గురి చూసింది?"

"రోబోకి."

"మోసం," అని రాసుకున్నాడు బాబాయి.

"మోసమేం కాదు, నేనే తక్కువ తిప్పాను. ఉండండి," అని పిన్ని పళ్ళు బిగించి ఇంకాస్త తిప్పింది. రోబో కూలింది. బాబాయి అది కూడా కాకతాళీయమేనన్నాడు. పిన్ని ఇంకో నాలుగు కూల్చింది.

రోజూ సాయంత్రం ఇదే తంతు. ఆయన మోసమంటాడు, ఈవిడ యంత్రం పరువు కాపాడుతుంది. మూడు నెలలయ్యేసరికి పిన్ని నాకంటే బాగా కొడుతోంది.

అప్పుడు అనుమానం నాకు పట్టుకుంది. ఒకరోజు వాళ్ళింట్లో సరదాగా ఆడబోతే, చెయ్యి మొత్తం మెలితిప్పితే గాని గురి జానెడు జరగలేదు. సెట్టింగులు చూశాను. నేను ఎనిమిది మీద పెట్టుకున్న వేగం రెండు మీద ఉంది. అంటే కొంచెం జరపడానికి బోలెడు తిప్పాలి. బల్ల మీద నోటుబుక్కు తెరిచాను, తప్పే. ప్రతి సోమవారం ఒక అంకె: ఎనిమిది, ఏడున్నర, ఏడు. పక్కన, 'ఈరోజు ఇరవై డిగ్రీలు తిప్పింది. నొప్పి లేదు.' మధ్యలో ఫిజియోథెరపిస్టు కాగితం మడతపెట్టి ఉంది, ప్రతి వరసకీ టిక్కులు.

వంటింట్లో నిలదీశాను. బాబాయి ముందు తలుపు వేశాడు.

"ఒక్కసారే తగ్గిస్తే తెలిసిపోతుంది. అందుకే వారానికి అర."

"ముప్పై ఏళ్ళు ఇలాంటి వాళ్ళనే కదా పట్టుకున్నావ్?"

"అందుకే పద్ధతి తెలుసు. మీ పిన్నితో అనకు," అన్నాడు, దొరికిపోయిన దుకాణదారులా నేల చూస్తూ. ఆయన మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు.

ముందుగదిలో కుట్టుమిషన్ మీద దుప్పటి లేదు. పిన్ని గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర ఆగి ఆగి నడుస్తోంది గాని నడుస్తోంది. నేను ఉండబట్టలేక, "పిన్నీ, ఆ కంట్రోలర్ సంగతి..." అన్నాను.

"సోమవారం నేను స్నానానికెళ్ళినప్పుడు మారుస్తారు. రెండో వారమే చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆయన మానేస్తారు. ఆయన మానేస్తే నేనూ మానేస్తాను. నా సంగతి నాకు తెలీదా?"

మర్నాడు బాబాయి ఆటపెట్టె తెచ్చిచ్చాడు. వేగం మళ్ళీ ఎనిమిది మీద ఉంది. కంట్రోలర్‌కి పిన్ని కొత్తగా ఒక నీలం సంచి కుట్టింది, కట్టు విప్పాక ఆవిడ మొదటి కుట్టు.

"సంచిని టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. రెండు పక్కలా సమానం. నమ్మొచ్చు," అన్నాడు బాబాయి. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. రసీదు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

మా వంశపు బుద్ధి ఎక్కడికి పోతుంది? తలుపు వేసి టేపు తీశాను. ఎడమపక్క పావు అంగుళం తక్కువుంది. ఇంకోసారి కొలవకుండా కంట్రోలర్‌ని అందులోనే పెట్టుకున్నాను.