నర్సమ్మ కారు వెనక్కి నడిచిన రోజు

ఆ రోజుల్లో మా ఆత్మకూరులో ఎవరైనా క్లచ్చి లేని కారు ఉంటుందని చెబితే, చెప్పినవాడికి ఎండదెబ్బ తగిలిందనుకునేవాళ్లం. తొంభైల మొదట్లో సంగతి. బస్టాండు వెనక నేనూ, నా చిన్ననాటి స్నేహితుడు గ్రీజూ కలిసి రేకుల షెడ్డు పెట్టాం. (వాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు చక్కటిదే ఉంది. పెళ్లిపత్రికలో అది చూసి ఊళ్లో సగంమంది ఎవరి పెళ్లో అనుకున్నారు.) మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్లే లారీలే మా గిరాకీ. మాకు పని నేర్పిన మేస్త్రీ ఒక్కటే శాస్త్రం నూరిపోశాడు: పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, స్టార్టు చేయకముందే కొలపుల్ల లాగి ఆయిలు ఎంతుందో చూడాలి. మొహం కడుక్కోవడం మరిచిపోయినా అది మరిచేవాళ్లం కాదు. ఆ ఒక్క శాస్త్రంతో చక్రాలున్న దేన్నైనా బాగుచేయగలమని నమ్మే వయసు మాది. ఆ నమ్మకం ఇప్పుడెక్కడైనా దొరికితే కొంచెం తెచ్చుకోవాలని ఉంటుంది.

ఒక ఎండాకాలం ఉదయగిరి నుంచి నర్సమ్మ కబురు పెట్టింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నన్నూ గ్రీజునూ ఈ భూమ్మీదకు లాగింది ఆవిడ చేతులే, కాబట్టి పిలిస్తే వెళ్లక తప్పదు. ఆవిడ పెరట్లో రేకుల కింద దొరసాని కారు ఉండేది. దొరసాని అంటే ఆ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసి, ముసలితనంలో తన దేశం వెళ్లిపోయిన డాక్టరమ్మ. పోతూ పోతూ కారును నర్సమ్మకు వదిలిపోయింది. మజ్జిగ రంగు కారు, మంచమంత పొడుగు బానెట్టు. గ్రీజు సీట్లో కూర్చుని ఎడమ కాలితో కిందంతా తడుముకున్నాడు.

"క్లచ్చి పెడలు ఎవడో ఎత్తుకపోయినాడురా" అన్నాడు నాతో, దిగులుగా.

"దానికి క్లచ్చి లేదు నాయనా. గేర్లు అదే మార్చుకుంటాది. దొరసాని ఒక కాలు ముడుచుకోని కూసునేది" అంది నర్సమ్మ. తర్వాత అసలు సంగతి చెప్పింది. "సోమశిల డ్యాములో నీళ్లు బాగా దిగిపోయినాయంట. మునిగిన మా ఊరు బైటపడిందంట. ఆ పొద్దు నీళ్లొస్తా ఉంటే నన్నూ మా అమ్మనూ దొరసాని ఈ కార్లోనే ఎక్కించుకోని వచ్చింది. ఈ కార్లోనే పోయి ఒకసారి చూసొస్తా. వానలు పడితే మళ్లీ మునిగిపోతాది."

"బస్సులో పోదాం పెద్దమ్మా, నేను తోడొస్తా" అన్నాను.

"మా ఇంటిముందు దాకా పోతాదంట్రా మీ బస్సు?"

ఇద్దరం బానెట్టు ఎత్తాం. కారు ఎలాగో స్టార్టయింది. కానీ గేరులో వేస్తే ఇంజను గాండ్రించేదే తప్ప బండి కదిలేది కాదు. కాసేపటికి ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక్క ఉదుటున దూకేది. కిందకు దూరి గేరుపెట్టె అడుగురేకు విప్పాం. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు బొగ్గు కడిగిన నీళ్లలా కారింది. లోపలి జల్లెడ మొత్తం మడ్డితో పూడుకుపోయి ఉంది. కిరసనాయిలుతో కడిగి, మాకు తెలిసిన లారీ డ్రైవరు చేత మద్రాసు నుంచి ఎర్ర ఆయిలు తెప్పించి, పాతది ఎంత తీశామో అదే డబ్బాతో కొలిచి అంతే పోశాం. కారు చప్పుడు లేకుండా ముందుకు సాగింది. కాంపౌండులో మూడు చుట్లు తిప్పాం. గ్రీజు ఎడమ కాలు మాత్రం లేని క్లచ్చిని తొక్కుతూనే ఉంది. ఆ సాయంత్రం మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్న చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ ముద్దూ రెండూ కలుగుతాయి.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. తెల్లవారి ప్రయాణం. మేస్త్రీ శాస్త్రం ప్రకారం ఇంజను చల్లగా ఉండగా గేరుపెట్టె పుల్ల లాగి చూశాను. ఆయిలు గుర్తు దాటి చాలా పైకి ఉంది.

"ఎక్కువైపోయిందిరా. ఆయిలు ఆపే సీళ్లు తన్నుకోని వచ్చేస్తాయి" అన్నాడు గ్రీజు.

గుర్తు దగ్గరికి దిగేదాకా తీసేశాం. మద్రాసు సరుకు కదా, పారబోయడానికి మనసొప్పక తీసింది డబ్బాలో పోసి డిక్కీలో పెట్టాం. నర్సమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, పులిహోర గిన్నెతో వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఆత్మకూరు దాటి సోమశిల వరకూ కారు బుద్ధిగా వచ్చింది. అక్కడినుంచి నీటి వారగా బండిబాట పట్టాం. చివర్లో ఒక మిట్ట. దాని అవతలే ఆవిడ ఊరు.

ఆ మిట్ట సగంలో కారు మనసు మార్చుకుంది. ఎంత తొక్కినా ఇంజను అరుపే తప్ప కదలిక లేదు. నెమ్మదిగా వెనక్కి జారి కిందికొచ్చి ఆగాం. నర్సమ్మ గిన్నె మీద మూత సర్దుకుని మిట్ట వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపు మా మేస్త్రీ తిట్లకన్నా కష్టంగా ఉండింది. నడిపించుకుపోదామంటే ఆవిడ మోకాళ్లు ఆ ఎక్కుడు ఎక్కే రకం కాదు. దిక్కుతోచక రివర్సులో వేసి చూశాను. కారు చక్కగా వెనక్కి లాగింది.

"తిప్పరా. వెనక్కే ఎక్కిద్దాం" అన్నాడు గ్రీజు.

చదునులో వెనక్కి వెనక్కి జరుపుతూ తిప్పాను. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, వెనక అద్దంలోంచి బాట చూస్తూ ఎక్కించడం మొదలుపెట్టాను. మేకలు కాసుకుంటున్న పెద్దాయన ఒకాయన కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"ఏందయ్యా, కారు అలిగిందా?"

"అవును తాతా" అన్నాడు గ్రీజు, అంతకంటే ఏం చెప్పాలో తెలియక.

మిట్ట మీదికి చేరేసరికి నర్సమ్మ కూడా సీట్లో పక్కకు తిరిగి వెనక అద్దానికి మొహం ఆనించింది. ఆ ఊరు మొదటిసారి ఎలా కనబడిందంటే నేను చెప్పలేను, ఎందుకంటే అద్దంలో సగం ఆవిడ చెంపే ఉంది. నేను చూసింది దాన్ని.  తర్వాత పెదాలు కదిలాయి. "అయ్యి బడి మెట్లు. ఆ పక్కది బాయి. ఆ గోడ... ఆ గోడ మాదే" అంటూ ఉంది, ఎవరికో దారి చెబుతున్నట్టు.

మిట్ట అవతలికి దిగి, నెర్రెలిచ్చిన బురద మీద, నడుమెత్తు మిగిలిన గోడల ముందు ఆపాను. బ్యాటరీ మీద నమ్మకం లేక ఇంజను ఆపలేదు. ఆవిడ దిగి, గడప ఉండాల్సిన చోట చెప్పులు విడిచి, లోపలికి వెళ్లింది.

"వంటిల్లు ఇంతేనా?" అంది గోడల మధ్య నిలబడి. "మా అమ్మ, నేను, దొరసాని, ముగ్గురం కూసోని ఇక్కడే తినేవాళ్లం. ఎట్ట పట్టినాం?"

మేం ఇవతలే ఉండిపోయాం. ఊరికే నిలబడలేక గ్రీజు బానెట్టెత్తి, తిరుగుతున్న ఇంజను మీదే పుల్ల లాగాడు. చివర్న తడి కూడా లేదు. పుల్ల నాకు చూపించాడు. ఆ గేరుపెట్టెకు ఆయిలు చూడాల్సింది ఇంజను వేడెక్కి, తిరుగుతూ ఉన్నప్పుడని మా ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఇంజను ఆపితే పైనున్న ఆయిలంతా కిందికి దిగి ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి, నిండుగా ఉన్న బండి రక్తం మేమే తీసేశాం. మిగిలిన కాస్తా ముక్కు పైకెత్తి ఎక్కితే జల్లెడకు అందకుండా జారిపోయింది, వెనక్కి ఎక్కితే అందింది. డిక్కీలోంచి డబ్బా తెచ్చి, ఎవరూ చూడకముందే (మేకలు తప్ప) మొత్తం పోసేశాను. గేరులో వేస్తే కారు ముందుకు మెత్తగా కదిలింది.

పులిహోర ఆ గోడల మధ్యే తిన్నాం. ఎండ వాలుతుండగా నర్సమ్మ లేచింది.

"బాగైంది పెద్దమ్మా. ఇంక ముందుకే పోతాది" అన్నాను గొప్పగా.

ఆవిడ కారు చుట్టూ తిరిగి వచ్చి, ఈసారి ముందు సీటు తలుపు తీసింది.

"ఆ పొద్దు దొరసాని నన్ను వెనక్కి తిరిగి చూడనియ్యలేదు, ఏడుస్తానని. నాయనా, మళ్లీ తిప్పు. మిట్ట ఎక్కేదాకా వెనక్కే పోనీ."

బాగైన కారును రివర్సులో ఎక్కించాను. ఆవిడ ముందు అద్దంలోంచి ఊరిని చూస్తూ కూర్చుంది. నా మొహం వెనక్కి తిరిగి ఉంది కాబట్టి ఆవిడ ఏడ్చిందో లేదో నాకు తెలియదు. వెనక సీట్లో గ్రీజు మాత్రం అద్దం మధ్యలో అడ్డంగా కూర్చుని, "ఎడమకు, ఇంకాస్త ఎడమకు" అంటూ నాకు దారి చెబుతున్నాడు. మిట్ట మీద ఆగాను. ఆవిడ పొమ్మనేదాకా కదల్లేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి.

ఇప్పుడు నా దగ్గరా క్లచ్చి లేని కారు ఉంది. ఆయిలు చూడటానికి దానికి పుల్లే లేదు. రివర్సులో వేస్తే ఎదురుగా తెర మీద వెనకున్న బాట బొమ్మ వస్తుంది. "తెర ఉండాది గదా నాయనా, మెడ తిప్పుకోని చూస్తావెందుకు?" అంటుంది మా అమ్మాయి. నేను మెడ తిప్పే చూస్తాను. వెనక సీటు ఖాళీగా ఉంటుంది. బాట స్పష్టంగా, ఆవిడ చెంపా గ్రీజు తలా ఏ అడ్డూ లేకుండా కనబడుతుంది. అదే నాకు నచ్చదు.