విభూతికి పూచీ ఎవరు?

ఈ రోజు మా మేనత్త వెంట మద్రాసులోని తిరువొత్తియూరు వెళ్ళాను. రోగాన్నీ దరిద్రాన్నీ ఒకే చిటికెడు విభూతితో పోగొడతానంటున్న ఒక స్వామిని నమ్మి, ఆమె సుగర్ మాత్రలు మానేసింది.

అత్త దక్షిణ పెట్టి విభూతి పొట్లం తీసుకోగానే, “బిల్లియ్యండి స్వామీ. సుగర్ దిగకుంటే కన్స్యూమర్ కోర్టుకు పోవాల గదా,” అన్నాను.

“దక్షిణకు బిల్లేందమ్మా? నమ్మితే దిగుతుంది. దిగలేదంటే ఆమెకు నమ్మకం చాల్లేదని,” అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

గ్యారంటీ కార్డు మీద ముద్ర పడందే మిక్సీ కూడా కొనని అత్త, వీధిలోకి రాగానే నా మీద విరుచుకుపడింది. “బిల్లడిగి మహిమంతా పోగొడితివి గదే! ఇంక సుగర్ దిగకుంటే నీదే పూచీ!”

పూచీ నాదే కాబట్టి మాత్రలు కొన్నాను. నూరి, అత్త రోజూ నోట్లో వేసుకునే ఆ విభూతిలోనే కలిపేద్దామనుంది. సుగర్ దిగితే పేరు ఆ దొంగకు, సంగతి బయటపడితే కేసు నాకు. కలపమంటారా, వద్దంటారా?