హెస్సీ అత్త కత్తెర

ముడి కనబడితే చాలు, మా హెస్సీ అత్త చెయ్యి ఊరుకునేది కాదు. పట్టి లాగేది. జారిందా, మెడలో వేలాడే కత్తెర కచ్చుమనేది. ఆ వెనకే తిట్లు.

ఓ ఆదివారం చర్చి వాకిట్లో పాస్టరుగారి టై కూడా లాగింది. ఊడి చేతికొచ్చింది.

"ఇదీ ఒక ముడేనా? పైగా మనకి పెళ్లిముళ్లు వేసేది ఈయనే!"

పాస్టరుగారు కాలరు పట్టుకుని లోపలికి పరుగెత్తారు.

పట్నాల్లో అమ్మమ్మల నాటి పందిరి మంచాల మీద మళ్లీ మోజు పుట్టిన రోజులవి. వాటి కోళ్లమీద కప్పులా పరిచే వల పందిళ్లను నార్త్ కరొలైనా కొండల్లో మేం ఆడవాళ్లం దారం ముడులేసి అల్లేవాళ్లం, అత్త వరండాలో కూర్చుని. అందరికంటే ఎక్కువ తిట్లు జిల్ఫాకే. ముసలిది, ఎడమచేతి వాటం, వేళ్లు కొయ్యబారిపోయాయి. మొగుడు పోయాక ఆ వరండాలో తప్ప ఆమెకు మనిషి మొహం కనబడేది కాదు.

"జిల్ఫా! ఇది వలా, కోళ్లు కెలికిన గడ్డా?" కచ్చు!

"మళ్లీ కడతాలే హెస్సీ."

"కట్టి ఏడు!"

నాకు ఒళ్లు మండిపోయేది. "ముసలిదాని మీదా నీ ప్రతాపం?" అన్నానోసారి. నా వల కూడా కత్తిరించి పారేసింది.

ఒకనాడు మాచేత పని చేయించుకునే పట్నం దుకాణం నుంచి మిసెస్ పెన్నిమన్ వచ్చి, పూర్తయిన పందిరి మడత విప్పించింది. ఒక మూల వేలుపెట్టి లాగితే ముడులు జారి తల దూరేంత కంత పడింది.

"ఎవరి పని ఇది? ఆవిడ రేపటినుంచి రానక్కర్లేదు."

జిల్ఫా మొహం పాలిపోయింది. ముడులన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. ఎవరివో మా అందరికీ తెలుసు.

"నాది," అంది హెస్సీ అత్త.

"మీదా?"

"చెవుడా? నాదే! మానిపించు చూద్దాం! మీ దొరసానుల పందిళ్లు నువ్వే కూర్చుని అల్లుకో!"

పెన్నిమన్ పందిరిని అక్కడే పడేసి కారెక్కింది.

"మరి అప్పుడే ఎందుకు కత్తిరించలేదత్తా?" అన్నాను మెల్లగా.

"మూడుసార్లు కత్తిరించా. నాలుగోసారి దాని మొహం చూశా. కత్తెర మొద్దుబారింది, నన్నేం చెయ్యమంటావ్?" అని నామీద విరుచుకుపడి, అటు తిరిగింది. "జిల్ఫా! ఇక వల ముట్టుకున్నావో చేతులు విరిచేస్తా! అంచు కుచ్చులు కట్టు. లావు దారం, ఆవు కూడా కడుతుంది!"

"సరే హెస్సీ," అంది జిల్ఫా ముక్కు చీదుకుంటూ.

ఆ పందిరిని అత్త తనే ఉంచుకుంది. ఆమెది ఉత్త ఇనపమంచం. దూలాలకు మేకులు కొట్టి పైన వేలాడదీసింది.

మర్నాడు జిల్ఫా మెట్లెక్కుతుండగానే మొదలుపెట్టింది.

"నీ ముడులు తగలెయ్య! పందిరెక్కి పడుకున్న పిల్లి కంతలోంచి నా మొహాన పడిందే!"

"ఇలా తే హెస్సీ, బిగిస్తాను."

"నా పందిరి జోలికొచ్చావో, జాగ్రత్త!"